ఇద్దరు పొడగరులు, చేజారే రీబౌండ్లు: బాస్కెట్‌బాల్ రక్షణలో స్థాన సమస్య - ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఒకే సమయంలో ఇద్దరు పొడగరి ఆటగాళ్లను మైదానంలోకి దించిన బాస్కెట్‌బాల్ జట్టుకు రీబౌండ్లు సులువుగా దక్కాలన్నది సాధారణ భావన. అమెరికాలోని నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్‌బీఏ) పోటీల అనుభవం ఈ భావనను పూర్తిగా సమర్థించదు. రక్షణలో మంచి పేరున్న జంటలే కీలకమైన పోటీల్లో ప్రత్యర్థికి రెండో అవకాశాలను విరివిగా ఇచ్చిన సందర్భాలున్నాయి. ఈ వైరుధ్యానికి మూలం ఆటగాళ్ల ఎత్తులో కాక, బంతి గురి తప్పే క్షణంలో వారు నిలిచివున్న చోటులో ఉందని ఈ వ్యాసం వివరిస్తుంది. దాడిలో పొడగరి తన చోటును తానే ఎంచుకోగలడు. రక్షణలో అతని చోటును ఎక్కువగా ప్రత్యర్థి నిర్ణయిస్తాడు. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని 2023 నాటి క్లీవ్‌లాండ్ - న్యూయార్క్ సిరీస్‌ను ప్రధానోదాహరణగా పరిశీలించి, పరిష్కార మార్గాలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బాస్కెట్‌బాల్, రీబౌండ్, పొడగరి ఆటగాళ్లు, బాక్స్ అవుట్, రక్షణ వ్యూహం, ఎన్‌బీఏ, ఫీబా నియమాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో క్రీడా రచన చాలావరకు ఫలితాల నివేదనకు, క్రీడాకారుల జీవిత విశేషాలకు పరిమితమై ఉంది. ఒక ఆటలోని అంతర్గత తర్కాన్ని, అంటే ఒక వ్యూహం ఎందుకు ఫలిస్తుందో, ఎందుకు విఫలమవుతుందో విడమరచి చెప్పే రచనలు క్రికెట్‌ను మినహాయిస్తే అరుదు. కళాశాలల్లో విస్తృతంగా ఆడే బాస్కెట్‌బాల్ విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఆటలో నిపుణులను సైతం తికమకపెట్టే ఒక సమస్యను ఎంచుకొని, దానిని తెలుగులో సమగ్రంగా వివరించే ప్రయత్నం ఇది.

సమస్య ఇలా ఉంటుంది. ఒక జట్టులో ఏడడుగులకు దరిదాపుగా ఉన్న ఆటగాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ బలమైనవారే, ఇద్దరూ రీబౌండ్లు సాధించడంలో పేరున్నవారే. ఇద్దరినీ కలిపి ఆడిస్తే రింగ్ కింద ఆ జట్టుకు తిరుగుండకూడదు. కాని ప్రత్యర్థి విసిరిన బంతి రింగ్‌కు తగిలి పైకి లేచినప్పుడు అది పదే పదే మళ్లీ ప్రత్యర్థి చేతికే చిక్కుతుంది. దీనికి ఆటగాళ్ల అలసత్వమే కారణమని ప్రేక్షకులు నిందిస్తారు. అలసత్వం కొంత ఉండవచ్చు. అయితే అసలు కారణం ఆ జంట కూర్పులోనే ఇమిడి ఉంది.

2. రీబౌండ్: ప్రాథమిక భావనలు

2.1 నిర్వచనం, పరిభాష

గురి తప్పిన బంతిని తిరిగి వశపరచుకోవడమే రీబౌండ్. బంతి విసిరిన జట్టే దానిని తిరిగి అందుకుంటే అది దాడి రీబౌండ్. ఎదుటి జట్టు అందుకుంటే అది రక్షణ రీబౌండ్. రింగ్ నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, పురుషులు ఆడే బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. బంతికి రింగ్‌లో ఇంత ఎడం ఉన్నా ఉన్నతస్థాయి ఆటలో సైతం విసిరిన బంతుల్లో సగం లేదా అంతకు మించి గురి తప్పుతాయి. అందువల్ల ప్రతి ఆటలోనూ పదుల సంఖ్యలో బంతులు ఎవరికీ చెందని స్థితిలో గాలిలో ఉంటాయి.

రీబౌండ్ కోసం ఆటగాడు ఎదుటివాణ్ణి తన వీపు వెనుక ఉంచుకొని, మోకాళ్లు వంచి, అతడు రింగ్ వైపు రాకుండా శరీరంతో అడ్డుగా నిలవడాన్ని బాక్స్ అవుట్ అంటారు. రింగ్ ముందు రంగు వేసి ఉండే దీర్ఘచతురస్ర ప్రాంతాన్ని ఆటగాళ్లు పెయింట్ అని వ్యవహరిస్తారు. సెంటర్, పవర్ ఫార్వర్డ్ స్థానాల్లో ఆడే దీర్ఘకాయులను ఆంగ్లంలో బిగ్‌మెన్ అంటారు. ఈ వ్యాసంలో వారికి ‘పొడగరులు’ అనే తెలుగు మాటను వాడడమైనది. రీబౌండ్, బాక్స్ అవుట్, స్క్రీన్ వంటివి మన మైదానాల్లో అలాగే స్థిరపడిన మాటలు కనుక వాటిని మార్చలేదు.

2.2 రీబౌండ్ విలువ

దాడి చేసే జట్టు 24 సెకన్లలోపు బంతిని రింగ్ వైపు విసరాలి. బంతి రింగ్‌కు తగిలి తిరిగి అదే జట్టుకు దక్కితే గడియారం 14 సెకన్లకు మారి కొత్త అవకాశం లభిస్తుంది. అప్పటికే రక్షణ చెదిరి ఉంటుంది కనుక రింగ్ పక్కనే దొరికిన ఆ అవకాశం తరచు సులువైన బుట్టగా మారుతుంది. డీన్ ఆలివర్ 2004లో వెలువరించిన ‘బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్’ అనే గ్రంథంలో గెలుపును నిర్ణయించే నాలుగు అంశాలను పేర్కొన్నాడు. గురి, బంతి పోగొట్టుకోకపోవడం, రీబౌండ్, ఫ్రీ త్రోలు అనే ఆ నాలుగింటిలో రీబౌండ్‌ది మూడో స్థానం.

రీబౌండ్ల సంఖ్య కన్నా వాటి శాతం సరైన కొలమానం. ప్రత్యర్థి 44 సార్లు గురి తప్పిందనుకుందాం. రక్షణ జట్టు 33 రీబౌండ్లు తీసుకుంటే దాని రక్షణ రీబౌండ్ శాతం 75. అదే 31 తీసుకుంటే సుమారు 70. రెండు బంతుల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఒక్కో అవకాశం సగటున ఒక పాయింటుకు పైగా విలువ చేసే ఆటలో, నాలుగైదు పాయింట్ల తేడాతో తేలే పోటీల్లో, ఆ రెండు బంతులే ఫలితాన్ని మార్చగలవు.

3. ఎత్తుకూ రీబౌండుకూ ఉన్న సంబంధం

ఎత్తు రీబౌండుకు సాయపడుతుందనడంలో సందేహం లేదు. ఎత్తు ఒక్కటే చాలదనడానికి మాత్రం ఎన్‌బీఏ చరిత్రలో బలమైన నిదర్శనాలున్నాయి. ఆరడుగుల ఏడంగుళాల డెన్నిస్ రోడ్‌మన్ 1991-92 నుంచి 1997-98 వరకు వరుసగా ఏడు సీజన్లలో సగటు రీబౌండ్లలో అగ్రస్థానంలో నిలిచాడు. అంతకన్నా పొట్టివాడైన చార్లెస్ బార్క్‌లీ 1986-87లో ఆ స్థానం పొందాడు. వీరిని మించిన పొడగరులు ఆ రోజుల్లో ప్రతి జట్టులోనూ ఉన్నారు.

ఈ విషయాన్ని రాజీవ్ మహేశ్వరన్, ఆయన సహపరిశోధకులు 2014లో స్లోన్ క్రీడా విశ్లేషణ సదస్సుకు సమర్పించిన పత్రంలో శాస్త్రీయంగా విడదీసి చూపారు. మైదానం పైన అమర్చిన కెమెరాలు నమోదు చేసిన కదలికల ఆధారంగా వారు రీబౌండును మూడు పార్శ్వాలుగా విభజించారు. మొదటిది స్థానం: బంతి విసిరే సమయానికి ఆటగాడు ఉన్న చోటు. రెండవది శ్రమ: బంతి గాలిలో ఉండగా అతడు మెరుగుపరచుకున్న చోటు. మూడవది సాధన: అందుబాటులోకి వచ్చిన బంతిని చేజిక్కించుకునే నేర్పు. ఎత్తు ప్రధానంగా మూడవ పార్శ్వానికి తోడ్పడుతుంది. మొదటి పార్శ్వం ఆటగాడి శరీరం మీద కన్నా జట్టు రక్షణ పద్ధతి మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. జంట పొడగరుల సమస్య పుట్టేది ఈ మొదటి పార్శ్వంలోనే.

దీనికి తోడు మరొక గణిత సూత్రం ఉంది. ఇద్దరు ఆటగాళ్ల రీబౌండ్ సగటులను కూడితే జంట బలం తేలదు. రక్షణ జట్టుకు దక్కే రీబౌండ్లలో చాలా భాగం పోటీ లేకుండా వచ్చేవి. వాటిని ఒక పొడగరి అందుకోకపోతే పక్కనున్న మరొకరు అందుకునేవారు. అటువంటి బంతుల కోసం రెండో పొడగరిని తెచ్చినందువల్ల జట్టుకు కొత్తగా ఒరిగేది తక్కువ. ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలచన’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. రెండో పొడగరి విలువను నిర్ణయించేవి పోటీ ఉన్న బంతులు మాత్రమే.

4. జంట పొడగరుల చారిత్రక నేపథ్యం

ఇద్దరు పొడగరులను కలిపి ఆడించడం కొత్త ఆలోచన కాదు. హ్యూస్టన్ రాకెట్స్ జట్టు 1983లో రాల్ఫ్ శాంప్సన్‌ను, 1984లో హకీమ్ ఒలాజువాన్‌ను ఎంపిక చేసుకుంది. ‘జంట బురుజులు’గా పేరొందిన ఆ ఇద్దరూ 1986లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-1తో ఓడించి జట్టును ఫైనల్‌కు చేర్చారు. శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో డేవిడ్ రాబిన్సన్, టిమ్ డంకన్ కలిసి 1999లోనూ 2003లోనూ టైటిళ్లు గెలిచారు.

ఆ జంటలకు అనుకూలించిన పరిస్థితి ఒకటుంది. ప్రత్యర్థి పొడగరులూ రింగ్ దగ్గరే నిలిచేవారు. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత 1979-80లో ప్రవేశించినప్పుడు ఒక్కో జట్టు ఆటకు సగటున మూడుకు లోపే అటువంటి బంతులు విసిరేది. రక్షించేవాడు తన ప్రత్యర్థిని కాచుకొని ఉంటే చాలు, రింగ్ దగ్గర ఉన్నట్లే. కాపలాకూ రీబౌండుకూ ఒకే చోటు సరిపోయేది.

2024-25 నాటికి ఆ సగటు 37కు పైబడింది. పవర్ ఫార్వర్డులే కాక సెంటర్లు కూడా గీత అవతలి నుంచి గురి చూడసాగారు. దానితో కాపలా చోటు ఒకటి, రీబౌండ్ చోటు మరొకటి అయ్యాయి. 2001-02లో ఎన్‌బీఏ రక్షణ జట్టుకు మూడు సెకన్ల నియమం విధించింది. దాని ప్రకారం తన ప్రత్యర్థిని దగ్గరగా కాచుకోని రక్షకుడు పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలవకూడదు. కనుక రెండో పొడగరిని రింగ్ కిందే ఉంచుదామన్నా కుదరదు.

5. రక్షణలో సమస్య పుట్టే నాలుగు చోట్లు

5.1 వెలుపలికి వెళ్లిన పొడగరి

ఇద్దరు పొడగరుల్లో ఒకరు తప్పనిసరిగా ప్రత్యర్థి పవర్ ఫార్వర్డును కాయాలి. ఆ ఫార్వర్డు రింగ్‌కు ఏడు మీటర్ల దూరంలో నిలిస్తే కాపలాదారు కూడా దాదాపు అక్కడికే వెళ్లాలి. బంతి గురి తప్పిన క్షణంలో అతడు రింగ్ వైపు పరుగెత్తుతున్నవాడే తప్ప రింగ్ కింద స్థిరంగా నిలిచినవాడు కాడు. పరుగెత్తుతూ వచ్చేవాడు బంతిని అందుకోగలడేమో గాని ఎవరినీ బాక్స్ అవుట్ చేయలేడు.

5.2 సాయానికి వెళ్లిన పొడగరి

ప్రత్యర్థి గార్డు తన కాపలాదారును తప్పించుకొని రింగ్ వైపు దూసుకొస్తే అతణ్ణి అడ్డుకోవలసింది పెయింట్‌లోని పొడగరే. అతడు ముందుకు అడుగువేసి చెయ్యెత్తి గాలిలోకి లేస్తాడు. బంతి అడ్డుపడవచ్చు, లేదా వంకరపోవచ్చు. కాని అతడు గాలిలో ఉన్నంతసేపూ అతని వెనుక ప్రత్యర్థి సెంటర్ ఒంటరిగా ఉంటాడు. గురి తప్పిన బంతి ఆ సెంటర్ చేతిలో పడుతుంది. రక్షణలో ఎంత చురుకైన పొడగరి అయితే అంత ఎక్కువసార్లు సాయానికి వెళ్తాడు. అంటే విసిరిన బంతిని చెడగొట్టే గుణమే రీబౌండును వదులుకునే గుణంగా మారుతుంది. ఇది లోపం కాదు, మూల్యం. ఆ మూల్యాన్ని మరొకరు చెల్లించే ఏర్పాటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

5.3 ఉమ్మడి బాధ్యత

ఒకే పొడగరి ఉన్న జట్టులో మిగిలిన నలుగురికీ తమ లోటు తెలుసు. సెంటర్ ముందుకు వెళ్లగానే ఎవరో ఒకరు వెనుక నిలిచిన ప్రత్యర్థిని తాకి అడ్డుకోవాలని వారికి అలవాటవుతుంది. ఇద్దరు పొడగరులున్న జట్టులో ఈ అప్రమత్తత సడలే ప్రమాదం ఉంది. మిగిలిన ముగ్గురూ ‘పెద్దవాళ్లిద్దరూ చూసుకుంటారు’ అనుకొని ఎదురుదాడికి ముందుగానే కదులుతారు. ఆ ఇద్దరిలో ఒక్కొక్కరూ రెండోవాడు ఉన్నాడనుకొని బాక్స్ అవుట్ మాని నేరుగా బంతి కోసం ఎగురుతారు. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అన్న సామెతలోని స్థితి ఇదే. బంతి తనదని ఇద్దరూ అనుకోవడం వల్ల కలిగే నష్టం కన్నా, ప్రత్యర్థి తన బాధ్యత కాదని ఇద్దరూ అనుకోవడం వల్ల కలిగే నష్టం పెద్దది.

5.4 దూరపు రీబౌండ్లు, పొట్టి గార్డులు

రింగ్ దగ్గరి నుంచి విసిరిన బంతి గురి తప్పితే సాధారణంగా దగ్గరే పడుతుంది. మూడు పాయింట్ల గీత నుంచి వచ్చిన బంతి మరింత దూరం ఎగిసిపడుతుంది. మూల నుంచి విసిరిన బంతి తరచు ఎదుటి పక్కకు పోతుందని శిక్షకులు ఆటగాళ్లకు చెబుతారు. ఇటువంటి బంతులకు ఎత్తు కన్నా చురుకుదనం, ఊహ అవసరం. అవి గార్డులు, వింగ్ ఆటగాళ్లు అందుకోవలసినవి. ఇద్దరు పొడగరుల బరువైన కూర్పును సమతూకం చేయడానికి శిక్షకులు తరచు ఇద్దరు చిన్న, వేగవంతులైన గార్డులను ఎంచుకుంటారు. ఫలితంగా జట్టులో మధ్యస్థమైన ఎత్తు, బలం ఉన్నవారు ఒక్కరే మిగులుతారు. దూరపు రీబౌండ్ల వద్ద జట్టు బలహీనపడుతుంది.

6. ప్రధానోదాహరణ: క్లీవ్‌లాండ్ - న్యూయార్క్, 2023

పై నాలుగు కారణాలూ ఒకే చోట కలిసిన సందర్భం 2023 ప్లేఆఫ్స్ మొదటి రౌండు. క్లీవ్‌లాండ్ కావలీర్స్ 2022-23 లీగ్ దశలో 51 విజయాలు సాధించింది. ప్రత్యర్థులకు ఆటకు సగటున అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు అదే. ఆ రక్షణకు మూలస్తంభాలు జారెట్ ఆలెన్, ఇవాన్ మోబ్లీ. ఇద్దరూ సెంటర్‌గా ఆడగలిగిన పొడగరులు. ముందువరుసలో డోనొవన్ మిచెల్, డేరియస్ గార్లండ్ అనే ఇద్దరు పొట్టి గార్డులు ఉన్నారు. మిచెల్ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. గార్లండ్ అంతకన్నా పొట్టివాడు.

ప్రత్యర్థి న్యూయార్క్ నిక్స్‌లో ఏడడుగుల మిచెల్ రాబిన్సన్ సెంటర్. దూరం నుంచి విసరడం అతని పని కాదు. రింగ్ చుట్టూ తిరుగుతూ సహచరుల తప్పిన బంతులను అందుకోవడమే అతని వృత్తి. పవర్ ఫార్వర్డు జూలియస్ రాండిల్ గీత అవతలి నుంచి గురి చూడగలడు, బలంగా లోపలికి రాగలడు. జేలన్ బ్రన్సన్ కాపలాదారులను తప్పించుకొని పెయింట్‌లోకి చొరబడే గార్డు. వీరికి తోడు జాష్ హార్ట్ ఉన్నాడు. గార్డు ఎత్తే ఉన్నా రీబౌండ్ల కోసం ఎంత రద్దీలోకైనా దూసుకెళ్లడం అతని ప్రత్యేకత.

ఈ నలుగురినీ క్లీవ్‌లాండ్ కూర్పుకు ఎదురుగా నిలిపి చూస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. రాండిల్ వెలుపల నిలిచినప్పుడు అతణ్ణి కాసే పొడగరి రింగ్‌కు దూరమవుతాడు. బ్రన్సన్ చొచ్చుకొచ్చినప్పుడు రెండో పొడగరి రాబిన్సన్‌ను విడిచి ముందుకు రావాలి. ఆ క్షణాన రింగ్ కింద రాబిన్సన్‌కు అడ్డుగా నిలవవలసింది పొట్టి గార్డులలో ఒకరు. బరువులోనూ ఎత్తులోనూ అది సమాన పోటీ కాదు. అతణ్ణి ఆపడానికి మరొకరు తోడైతే హార్ట్ వంటివారు వెలుపలి నుంచి స్వేచ్ఛగా లోపలికి వస్తారు. క్లీవ్‌లాండ్ పొడగరులు ఇద్దరూ మైదానంలోనే ఉన్నారు. కాని ఇద్దరిలో ఎవరూ ఉండవలసిన చోట లేరు.

సిరీస్‌లో మొదటి ఆటను న్యూయార్క్ 101-97తో గెలిచింది. నాలుగు పాయింట్ల తేడా అంటే రెండు రెండో అవకాశాల విలువ. రెండో ఆటలో క్లీవ్‌లాండ్ 107-90తో బదులు తీర్చుకున్నా, ఆ తర్వాత మూడు ఆటలూ న్యూయార్క్‌వే. మూడో ఆటలో క్లీవ్‌లాండ్ 79 పాయింట్లకే పరిమితమైంది. నిర్ణాయకమైన ఐదో ఆటలో రాబిన్సన్ 18 రీబౌండ్లు సాధించాడు. వాటిలో సగానికి పైగా దాడి రీబౌండ్లే. న్యూయార్క్ 106-95తో ఆ ఆటను, 4-1తో సిరీస్‌ను గెలుచుకుంది.

ఓటమికి రీబౌండ్లే ఏకైక కారణం కాదు. క్లీవ్‌లాండ్ దాడి కూడా తడబడింది. అయితే అదీ ఈ జంట కూర్పుకు సంబంధించినదే. దూరం నుంచి గురిచూడని ఇద్దరు పొడగరులుంటే వారి కాపలాదారులు పెయింట్‌లోనే నిలిచి గార్డుల దారిని మూసివేయగలరు. గురి తప్పిన బంతులు పెరుగుతాయి, ప్రత్యర్థి ఎదురుదాడులూ పెరుగుతాయి. 2023 వేసవిలో క్లీవ్‌లాండ్ మాక్స్ స్ట్రూస్ వంటి దూరపు గురికాడిని తీసుకోవడం ఈ లోటును గుర్తించినందువల్లనే అని భావించవచ్చు.

7. దాడిలో అదే కూర్పు: హ్యూస్టన్, 2024-25

జంట పొడగరుల కూర్పు రీబౌండుకు పనికిరాదని పై ఉదాహరణ నుంచి నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. 2024-25లో హ్యూస్టన్ రాకెట్స్ శిక్షకుడు ఇమే ఉడోకా, సెంటర్లయిన ఆల్పెరెన్ షెంగూన్, స్టీవెన్ ఆడమ్స్‌లను కలిపి ఆడించాడు. ఆ సీజన్‌లో హ్యూస్టన్ 52 విజయాలు సాధించి, దాడి రీబౌండ్లలో లీగ్‌లోనే ముందు నిలిచింది. దూరపు గురిలో బలహీనమైన ఆ జట్టుకు తప్పిన బంతులే ఆయుధాలయ్యాయి.

రెండు ఉదాహరణల మధ్య భేదం దిశలో ఉంది. దాడిలో ఆడమ్స్ ఎక్కడ నిలవాలో నిర్ణయించేది హ్యూస్టనే. సహచరుడు బంతి విసిరేముందే అతడు రింగ్ పక్కకు చేరి, తన భారీకాయంతో రక్షకుణ్ణి లోపలికి నెట్టి, బంతి పడే చోటును ఆక్రమించగలడు. ఒక పొడగరిని ఇద్దరు కాచుకుంటే రెండో పొడగరి స్వేచ్ఛ పొందుతాడు. అక్కడ ఇద్దరుండడం నిజంగా రెట్టింపు బలం. రక్షణలో ఆ అధికారం ప్రత్యర్థిది. ఏ పొడగరిని వెలుపలికి లాగాలో, ఏ పొడగరిని సాయానికి రప్పించాలో బంతి చేతిలో ఉన్న జట్టు ఎంచుకుంటుంది.

రక్షణలోనూ హ్యూస్టన్ ఒక ఉపాయం చేసింది. 2025 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద ఈ జంట ఉన్నప్పుడు జోన్ రక్షణను ప్రయోగించింది. జోన్‌లో ఆటగాడు వ్యక్తిని కాక ప్రాంతాన్ని కాస్తాడు. కనుక పొడగరులు రింగ్ దగ్గరి ప్రాంతాలను తమవిగా చేసుకోగలరు. దీనికీ మూల్యం ఉంది. జోన్‌లో ఎవరికీ నిర్ణీతమైన ప్రత్యర్థి ఉండడు కనుక ఎవరిని బాక్స్ అవుట్ చేయాలన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఆ సిరీస్ ఏడో ఆట వరకు సాగి చివరికి హ్యూస్టన్ ఓడినా, జంట పొడగరుల వ్యూహానికి ఆదరణ తగ్గలేదు.

8. పరిష్కార మార్గాలు

సమస్య స్థానానిదైతే పరిష్కారమూ స్థానంలోనే వెతకాలి. మొదటిది, రీబౌండును ఐదుగురి బాధ్యతగా నిర్వచించడం. పొడగరి సాయానికి వెళ్లిన మరుక్షణం, బంతికి దూరంగా ఉన్న వింగ్ ఆటగాడు లోపలికి దిగి అతడు విడిచిన ప్రత్యర్థిని ఢీకొని అడ్డుకోవాలి. అతడు బంతిని అందుకోనవసరం లేదు. ప్రత్యర్థి ఎగరకుండా చేస్తే చాలు. ఈ శ్రమ గణాంకాల పట్టికలో కనిపించదు. కనుక శిక్షకుడు దానిని విడిగా లెక్కించి గుర్తించకపోతే ఆటగాడు క్రమంగా మానుకుంటాడు.

రెండవది, పొడగరుల మధ్య పని విభజన. ఒకరు ప్రధానంగా శరీరంతో అడ్డుకునేవాడు, మరొకరు బంతిని వేటాడేవాడు అని ముందే నిర్ణయించుకోవాలి. అడ్డుకునేవాడి సగటు తగ్గుతుంది, జట్టు శాతం పెరుగుతుంది. స్టీవెన్ ఆడమ్స్ తన ఆటజీవితమంతా ఈ త్యాగానికే పేరు పొందాడు. ఓక్లహోమా సిటీలో అతడు ప్రత్యర్థిని ఆపితే రీబౌండ్ గార్డు రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌కు దక్కేది.

మూడవది, సాయానికి ఎప్పుడు వెళ్లకూడదో పొడగరికి నేర్పడం. కష్టమైన కోణం నుంచి విసిరే బంతికి గాలిలోకి ఎగరకుండా, చేతులెత్తి నేలమీదే నిలిస్తే వెంటనే వెనుదిరిగి బాక్స్ అవుట్ చేయవచ్చు. ప్రతి బంతినీ అడ్డుకోవాలన్న ఉత్సాహాన్ని నియంత్రించడం యువ పొడగరులకు అత్యంత కఠినమైన పాఠం.

నాలుగవది, ఇద్దరినీ ఆట పొడవునా కలిపి ఆడించకపోవడం. 2024-25లో కెన్నీ ఆట్కిన్సన్ శిక్షణలో క్లీవ్‌లాండ్ ఆలెన్, మోబ్లీ జంటను విడదీయలేదు. ఇద్దరినీ కొంతసేపు కలిపి, కొంతసేపు విడివిడిగా ఆడించింది. మోబ్లీ దూరపు గురిని పెంచుకున్నాడు. ఆ లీగ్ దశలో జట్టు 64 విజయాలు సాధించగా, మోబ్లీ ఉత్తమ రక్షకుడి పురస్కారం పొందాడు. రెండో రౌండులో ఇండియానా చేతిలో 4-1తో ఓడినప్పటికీ, అదే జంట వేరే వినియోగంతో మెరుగైన ఫలితమివ్వగలదని ఆ సీజన్ నిరూపించింది.

9. ఫీబా నియమాలు, మన పోటీలు

భారతదేశంలో పోటీలు సాధారణంగా అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీబా నియమాల ప్రకారం జరుగుతాయి. కనుక ఎన్‌బీఏ అనుభవాన్ని యథాతథంగా అన్వయించడం సరికాదు. రెండు నియమ భేదాలు ఇక్కడ ముఖ్యమైనవి. ఫీబాలో రక్షకుడికి మూడు సెకన్ల పరిమితి లేదు కనుక పొడగరి రింగ్ కింద ఎంతసేపైనా నిలవవచ్చు. అలాగే, బంతి ఒకసారి రింగ్‌కు తగిలాక అది రింగ్ పైభాగంలోనే ఉన్నా, రింగ్‌నూ బోర్డునూ కదిలించకుండా ఎవరైనా దానిని తాకవచ్చు. ఎన్‌బీఏలో రింగ్ మీది స్థూపాకార ప్రాంతంలో ఉన్న బంతిని తాకడం తప్పు. ఈ రెండూ పొడగరులకు అనుకూలమైనవే.

కళాశాల స్థాయిలో జట్టు ఎంపిక ఎత్తు కొలతతో మొదలవడం వింత కాదు. పొడవైన విద్యార్థి దొరకడమే అరుదైన చోట ఇద్దరు దొరికితే ఇద్దరినీ దించాలనిపించడం సహజం. నియమాలు కొంత సాయపడినా, 5.2, 5.3 విభాగాల్లో చర్చించిన సమస్యలు ఏ నియమావళిలోనైనా తప్పవు. పైగా రీబౌండ్లు పొడగరుల పని అని చిన్న గార్డులకు అలవాటైతే, వారు ఆ నైపుణ్యాన్ని అసలు నేర్చుకోకుండానే పైస్థాయికి వెళ్తారు. అక్కడ ఆ లోటు బయటపడుతుంది. ఎత్తు పుట్టుకతో వస్తుంది, బాక్స్ అవుట్ సాధనతో వస్తుంది. శిక్షకుడి చేతిలో ఉన్నది రెండవదే.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

• రీబౌండును నిర్ణయించే అంశాల్లో బంతి గురి తప్పే క్షణానికి ఆటగాడున్న చోటు మొదటిది. ఎత్తు ఆ తర్వాత ఉపకరించేది.

• ఇద్దరు పొడగరుల రీబౌండ్ సగటులను కూడి జంట బలాన్ని అంచనా వేయడం పొరపాటు. వారు అందుకునే బంతుల్లో చాలా భాగం జట్టుకు ఎలాగూ దక్కేవే.

• జంట పొడగరుల కూర్పు దాడి రీబౌండ్లకు నేరుగా మేలు చేస్తుంది. రక్షణలో వారి చోటును ప్రత్యర్థి నిర్ణయించగలడు కనుక అక్కడ ఆ మేలు దానంతట అది రాదు.

• 2023లో క్లీవ్‌లాండ్ ఓటమి పొడగరుల వైఫల్యం మాత్రమే కాదు. వారు విడిచిన చోటును నింపగలిగిన మిగిలిన ముగ్గురి కూర్పులోని లోటు కూడా.

• ఐదుగురి బాధ్యత, పొడగరుల మధ్య పని విభజన, సాయంలో సంయమనం, నిమిషాల సర్దుబాటు అనే నాలుగు మార్గాల్లో ఈ సమస్యను తగ్గించవచ్చు.

రింగ్ కింద ఓడిన జట్టును చూసి ‘ఇంత పొడవుండి ఏం లాభం?’ అని అడగడం తేలిక. ఆ క్షణాన ఆ పొడగరి ఎక్కడున్నాడు, అక్కడికి అతణ్ణి ఎవరు రప్పించారు, అతడు విడిచిన చోటుకు ఎవరు రావలసింది అని అడిగినప్పుడే ఆట అర్థమవుతుంది. ప్రేక్షకుడికీ శిక్షకుడికీ ఉపయోగపడే ప్రశ్నలు ఇవే.